ఏటవాలులో ఒక్క సెల్ఫ్‌కే, చదునులో ఇరవై: పాత పికప్ పొద్దున్నే ఎందుకు మొరాయిస్తుంది

మీరు రాసింది రెండుసార్లు చదివాను. ముందు నాకు అర్థమైంది చెప్తాను, తప్పుంటే సరిచేయండి. బండి 2009 మోడల్ డీజిల్ పికప్. డీఐ ఇంజన్, అంటే డీజిల్ నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే రకం. డీజిల్‌ని ఒత్తిడితో నాజిళ్లకి, అంటే సిలిండర్లలోకి చిమ్మే మూతులకి, పంపేది రోటరీ పంపు. చల్లటి ఇంజన్‌ని ముందే వేడిచేసే హీటర్ ప్లగ్గులు లేవు. విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి చేపల లోడు తోలుతున్నారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి ఆ 61 రోజులూ బండి కదల్లేదు. నిషేధం అయ్యాక తీసినప్పటి నుంచి తెల్లవారుజామున మూడున్నరకి పదిహేను, ఇరవై సార్లు సెల్ఫ్ కొడితే గానీ అందుకోవడం లేదు. ఒకసారి అందుకుంటే మాత్రం రోజంతా ఒక్క సెల్ఫ్‌కే. కొత్త బ్యాటరీ వేశారు, సెల్ఫ్ మోటార్‌కి బ్రష్‌లు మార్పించారు, డీజిల్ ఫిల్టర్ మార్చారు. ఇప్పుడు షెడ్డులో ఆ పంపు దింపి క్యాలిబ్రేషన్ చేయాలి, అంటే కొలిచి సరిచేయాలి, 18,000 అవుతుంది అంటున్నారు. చేయించాలా వద్దా అని మీ ప్రశ్న.

వద్దండి. ఇప్పుడే వద్దు.

మీరు చివర్లో, ఏదో మాటవరసకి అన్నట్టు ఇంకో సంగతి రాశారు. ఆరిలోవలో ఇంటి ముందు ఏటవాలు రోడ్డు మీద ముక్కు కిందికి పెట్టి పడుకున్న రోజు మాత్రం పొద్దున్నే చక్కగా స్టార్ట్ అవుతోందని. మీ ఉత్తరం మొత్తంలో నాకు పనికొచ్చిన వాక్యం అదే. పంపు నిజంగా అరిగిపోయి ఉంటే దానికి ఏటవాలు, చదును అన్న తేడా తెలియదు. ఆ తేడా తెలిసేది డీజిల్‌కి. బండి ముక్కు పల్లానికి ఉంటే వెనకనున్న ట్యాంకు పంపు కంటే ఎత్తులోకి వస్తుంది, పైపులో డీజిల్ ఎక్కడిదక్కడ ఉంటుంది. చదునులో పెడితే ట్యాంకు కిందకి ఉంటుంది కదా, పైపులో ఎక్కడో సన్నగా గాలి దూరే దారి దొరికితే చాలు, రాత్రంతా నెమ్మదిగా డీజిల్ వెనక్కి జారి ట్యాంకులో పడిపోతుంది. పొద్దున మీరు కొట్టే మొదటి పదిహేను సెల్ఫులూ ఇంజన్‌ని స్టార్ట్ చేయడానికి కాదు, ట్యాంకు నుంచి పంపు దాకా డీజిల్ తోడడానికి పోతున్నాయి.

ఇది నా అనుమానం మాత్రమే. దీన్ని రేపు పొద్దున్నే మీరే రూపాయి ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు. రాత్రి బండి చదునులో పెట్టండి. పొద్దున తాళం తిప్పే ముందు బానెట్ ఎత్తి, డీజిల్ ఫిల్టర్ తల మీద ఉన్న చేతిపంపు నొక్కడం మొదలుపెట్టండి. ఎన్నిసార్లు నొక్కితే గట్టిపడుతుందో లెక్కపెట్టండి. బాగున్న బండిలో రెండు మూడు నొక్కులకే బొటనవేలికి ఎదురు తన్నుతుంది. మీ బండిలో ఇరవై, ముప్పై నొక్కులు మెత్తగా, బుసబుసమంటూ పోయి, ఆ తర్వాత గట్టిపడిందనుకోండి, అప్పుడు తాళం తిప్పండి. ఒకటి రెండు సెల్ఫులకే అందుకుంటే ఇక పంపు మాట మర్చిపోండి, దొంగ ట్యాంకుకీ పంపుకీ మధ్యలో ఉన్నాడు. మొదటి నొక్కుకే గట్టిగా ఉండి, అయినా స్టార్ట్ కాకపోతే నా అనుమానం తప్పు. అప్పుడు వేరే దారి చూడాలి, అదీ కింద చెప్తాను.

చాలామంది దగ్గర ఒక మాట వింటాను: "లీకుంటే కింద కారాలి కదా గురువుగారూ, ఎక్కడా చుక్క కనపడట్లేదు." నీళ్ల పైపు లెక్క వేరు, దీని లెక్క వేరు. మీ బండిలో ట్యాంకు నుంచి డీజిల్ లాగేది పంపు లోపలే ఉన్న చిన్న రెక్కల పంపు. అంటే ట్యాంకు నుంచి పంపు నోటి దాకా ఉన్న పైపంతా పీల్పుడు మీద ఉంటుంది, తోపుడు మీద కాదు. కొబ్బరిబొండాంలో వేసిన స్ట్రాకి పైన చిన్న చీలిక ఉంటే నీళ్లు బయటికి కారవు, గాలి లోపలికొస్తుంది, మీరు ఎంత పీల్చినా బుడబుడ తప్ప నీళ్లు రావు. ఇదీ అంతే. చుక్క కారకుండా గాలి మింగే లీకు ఇది. అందుకే కంటికి దొరకదు.

కంటికి కనపడేలా చేసే ఉపాయం ఒకటుంది. మేస్త్రీలు మట్టం చూసుకునే లెవెల్ పైపు తెలుసుగా, లోపల నీళ్లు కనపడే పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం. హార్డ్‌వేర్ షాపులో మీటరు లెక్కన అమ్ముతారు. మీ డీజిల్ పైపుకి బిగుతుగా పట్టే సైజు అరమీటరు కొనండి. ఫిల్టర్ నుంచి పంపుకి వెళ్లే రబ్బరు పైపు తీసి దాని బదులు ఇది పెట్టి రెండు వైపులా క్లిప్పులు బిగించండి. చేతిపంపుతో గాలి తీసి, ఇంజన్ స్టార్ట్ చేసి, పైపుకి ఫ్యాను, బెల్టు తగలకుండా కట్టి, చూస్తూ ఉండండి. మొదటి రెండు నిమిషాలు బుడగలు రావడం మామూలే. ఐదు నిమిషాల తర్వాత కూడా సన్నటి పూసల్లా వరసగా పోతుంటే గాలి పీలుస్తోందని ఖాయం. రేసింగ్ ఇచ్చినప్పుడు బుడగలు పెరుగుతాయి కూడా.

బుడగలు లేవనుకోండి. అప్పుడే వదిలేయకండి. ఇంజన్ ఆపి, పైపులో డీజిల్ ఎంతవరకు ఉందో స్కెచ్ పెన్నుతో గీత గీసి ఇంటికెళ్లిపోండి. పొద్దున వచ్చి చూస్తే గీత దగ్గరే ఉందా, పైపు ఖాళీ అయిందా తెలుస్తుంది. నడుస్తున్నప్పుడు బుడగ లేకుండా, రాత్రికి మాత్రం ఖాళీ అయ్యే బండ్లు చాలా చూశాను. అలాంటి చోట నా చెయ్యి ముందు ఫిల్టర్ తల మీది చేతిపంపు మీదికే పోతుంది. దాని లోపల డీజిల్‌ని వెనక్కి పోనివ్వని చిన్న వాల్వులుంటాయి, పైన రబ్బరు ఉంటుంది. రబ్బరు ఎండి బీటలు వేస్తే, వాల్వు కింద ఇసుక రేణువు ఇరుక్కుంటే, డీజిల్ నిలవదు. మీ బండి ఎండాకాలం రెండు నెలలు కదలకుండా నిలబడింది. రోజూ డీజిల్‌లో తడిసే రబ్బరు మెత్తగానే ఉంటుంది. పైపులో డీజిల్ జారిపోయి గాలికి ఎండిందంటే బిగుసుకుపోయి కుంచించుకుపోతుంది. నిషేధం ముందు బాగున్న బండి నిషేధం తర్వాత మొరాయించడానికి నాకు తోచిన కారణం ఇదే.

బుడగలుంటే ఆ పారదర్శకం పైపుని ఒక్కో అంచె వెనక్కి జరుపుకుంటూ పోవాలి. ఫిల్టర్‌కి ముందు పెట్టి చూడండి. అక్కడ బుడగ లేకుండా ఫిల్టర్ తర్వాతే ఉంటే తప్పు ఫిల్టర్ దగ్గరే: కొత్త ఫిల్టర్‌తో వచ్చిన రబ్బరు రింగు వేయలేదో, పాతదాని మీద కొత్తది ఎక్కించారో, కింద నీళ్లు తీసే మర సరిగా బిగించలేదో. ఫిల్టర్‌కి ముందే బుడగలుంటే ఛాసిస్ వెంట వెళ్లే ఇనుప పైపు, దాని చివర రబ్బరు ముక్కలు, ట్యాంకు మీది కనెక్షన్. చేపల బండి కాబట్టి ఇనుప పైపుని క్లిప్పులు పట్టుకున్న చోట ప్రత్యేకంగా చూడండి. ఐసు కరిగి ఉప్పునీళ్లు పెట్టెల్లోంచి కారి, ఛాసిస్ మీద పడి, ఆ క్లిప్పుల కింద నిలుస్తాయి. పైకి రంగు బాగానే ఉంటుంది, క్లిప్పు విప్పితే కింద పైపు గోరుతో గీకితే పొరలు పొరలుగా రాలుతుంది. ట్యాంకు సగానికి పైన ఉన్నప్పుడు బాగుండి, పావుకి వస్తే ఇబ్బంది పెడుతుంటే ట్యాంకు లోపల డీజిల్ పీల్చే గొట్టం పై భాగంలో చీలిందని అనుమానించండి.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ల కిందట గాజువాక ఆటోనగర్‌లో పని చేసే రోజుల్లో అచ్చం మీలాంటి ఫిర్యాదుతోనే ఒక బండి వచ్చింది. నేను కూడా పంపు అనే తేల్చేశాను. దింపించి, చేయించి, మళ్లీ ఎక్కించాను. మర్నాడు పొద్దున ఓనరు ఫోను: "మళ్లీ అదే కథ." మూడు రోజులు తిరిగాక దొరికింది. పంపు నోటి దగ్గర బెంజో బోల్టు, అంటే పైపుని పంపుకి బిగించే, లోపల డీజిల్ పోయే బెజ్జం ఉన్న బోల్టు. దాని కింద రాగి వాషర్. ఎవరో పాతదే మళ్లీ వేశారు, దాని మీద గోటితో తడిమితే తెలిసేంత గీత ఉంది. రాగి వాషర్ ఒకసారి నలిగాక మళ్లీ సరిగా కూర్చోదు. రెండు వాషర్లు మార్చాను, అయిపోయింది. పంపు పని డబ్బులు ఓనరు దగ్గర సగమే తీసుకున్నాను, అది వేరే సంగతి. అప్పటి నుంచి పంపు మీద చెయ్యి వేసే ముందు వాషర్లు మార్చకుండా ఉండను.

బెంజో బోల్టుల మాట వచ్చింది కాబట్టి, మీ ఫిల్టర్ మార్చిన వాళ్లు పంపు మీది పైపులు విప్పారేమో కనుక్కోండి. రోటరీ పంపుల్లో చాలావాటికి డీజిల్ లోపలికొచ్చే బోల్టు, తిరిగి ట్యాంకుకి వెళ్లే బోల్టు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. తిరిగి వెళ్లేదాని తల మీద ఇంగ్లీషులో ‘అవుట్’ అని అచ్చు ఉంటుంది, దాని లోపల సూదిబెజ్జమంత రంధ్రమే ఉంటుంది. ఆ చిన్న రంధ్రం వల్లే పంపు లోపల ఒత్తిడి నిలుస్తుంది. ఆ రెండూ తారుమారు చేస్తే స్టార్టింగూ పోతుంది, లాగుడూ పోతుంది, అప్పుడు అందరూ పంపునే తిడతారు.

ఇప్పుడు బ్యాటరీ సంగతి. కొత్త బ్యాటరీ వేశాం కాబట్టి అది అయిపోయింది అనుకుంటున్నారు. బ్యాటరీలో కరెంటు ఉండటం వేరు, అది సెల్ఫ్ మోటార్‌కి చేరడం వేరు. డీజిల్ ఇంజన్‌కి స్పార్క్ ప్లగ్గు లేదు. గాలిని 17, 18 వంతుల్లో ఒక వంతుకి నొక్కితే పుట్టే వేడికే డీజిల్ మండాలి. గబగబా తిప్పితేనే ఆ వేడి నిలుస్తుంది. నెమ్మదిగా తిప్పితే నొక్కిన గాలి పిస్టన్ రింగుల పక్కనుంచి జారిపోతుంది, వేడిని సిలిండర్ గోడలు తాగేస్తాయి. అందుకే సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, ఇంజన్ మాత్రం అందుకోదు.

ఒక మల్టీమీటర్ ఉంటే పది నిమిషాల పని. ముందు పంపు మీద స్టాప్ సోలనాయిడ్, అంటే కరెంటు ఉంటేనే డీజిల్ దారి తెరిచే వాల్వు, దాని వైరు పీకి, కొసకి టేపు చుట్టండి, ఇంజన్ స్టార్ట్ కాకుండా. గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేకు. ఊరికే ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టులు దగ్గర ఉండాలి. సెల్ఫ్ కొడుతుండగా 10 దగ్గర నిలబడితే మంచిదే, 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీలోనో సెల్ఫ్ మోటార్‌లోనో లోపం ఉంది. అసలు పరీక్ష ఆ తర్వాతది. మీటరు ఒక సూది బ్యాటరీ నెగటివ్ పోల్ మీద, అంటే వైరు కొసన బిగించే లగ్గు మీద కాదు, సీసపు పోల్ మీదే, రెండోది ఇంజన్ బ్లాకు మీద గీకి మెరుస్తున్న ఇనుము మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.3 వోల్టు దాటకూడదు. అలాగే పాజిటివ్ పోల్ నుంచి సెల్ఫ్ మోటార్ పెద్ద బోల్టుకి 0.5 దాటకూడదు. దాటితే ఆ దారిలో తుప్పు కరెంటు తినేస్తోంది. సెల్ఫ్ మోటార్ 200 ఆంపియర్ల పైనే లాగుతుంది. దారిలో ఓమ్‌లో వందో వంతు అడ్డం ఉంటే చాలు, 2 వోల్టులు అక్కడే వేడిగా పోతాయి. టెస్ట్ ల్యాంపు పెట్టి చూస్తే మాత్రం బల్బు భేషుగ్గా వెలుగుతుంది, ఎందుకంటే బల్బుకి కావాల్సింది అర ఆంపియరే.

సముద్రం పక్క బండ్లకి ఎర్త్ పట్టీలే శత్రువులు, అంటే కరెంటు బ్యాటరీ నెగటివ్‌కి తిరిగొచ్చే పట్టీలు. ఒకసారి ఆనందపురం నుంచి పూలు తెచ్చే బండి ఒకటి వచ్చింది. రెండు బ్యాటరీలు మార్చాడు. సెల్ఫ్ కొడితే మూలుగుతూ అరచుట్టు తిరిగి ఆగుతోంది. నేను బానెట్ కింద చెయ్యి పెట్టి కుర్రాణ్ని సెల్ఫ్ కొట్టమన్నాను. ఏదో కాలిన వాసన. చూస్తే యాక్సిలరేటర్ కేబుల్ మీది నల్లటి తొడుగు మెత్తబడి, బుడగలు తేలి, సన్నగా పొగ వస్తోంది. కేబుల్ ముట్టుకుంటే వేళ్లు కాలాయి. ఇంజన్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఉండే అల్లిక పట్టీ లగ్గు దగ్గర తెగి, పచ్చగా పొడి పట్టి వేలాడుతోంది. సెల్ఫ్‌కి కావాల్సిన కరెంటంతా వెనక్కి రావడానికి ఇంకో దారి లేక యాక్సిలరేటర్ కేబుల్ లోంచి పోతోంది! కొత్త పట్టీ వేసి, రెండు కొసల దగ్గరా రంగు గీకి, బిగించి, పైన గ్రీజు పూశాను. ఆ పాత బ్యాటరీ కూడా బాగానే ఉందని తర్వాత తెలిసింది.

మీకు మీటరు లేకపోతే జంపర్ కేబుల్ ఒకటి తీసుకుని బ్యాటరీ నెగటివ్ నుంచి నేరుగా ఇంజన్ బ్లాకుకి పట్టించి సెల్ఫ్ కొట్టండి. సెల్ఫ్ చప్పుడు మారి హుషారుగా తిరిగితే జవాబు దొరికినట్టే. మీ విషయంలో ఇది రెండో కారణంగా తోడై ఉండొచ్చు. ఒకే బండిలో రెండు జబ్బులు ఉండటం వింతేమీ కాదు, పాత బండికి అదే ఆనవాయితీ. కాస్త గాలి, కాస్త మందకొడి సెల్ఫ్ కలిస్తే పదిహేను సెల్ఫులు అవుతుంది.

పొగ మాట మీరు రాయలేదు. రేపు పక్కన ఒక మనిషిని నిలబెట్టి, సెల్ఫ్ కొడుతున్నప్పుడు సైలెన్సర్ చూడమనండి. అసలు పొగే లేకపోతే సిలిండర్లలోకి డీజిల్ పోవడం లేదు: గాలి, లేదా స్టాప్ సోలనాయిడ్. కళ్లు మండే తెల్ల పొగ గుప్పుగుప్పుమని వస్తూ ఇంజన్ అందుకోకపోతే డీజిల్ పోతోంది గానీ మండటం లేదు: నెమ్మది సెల్ఫ్, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుడు) తక్కువ, టైమింగ్ (డీజిల్ చిమ్మే సమయం) జారడం, నాజిళ్లు కారడం. నా లెక్క నిజమైతే మీకు మొదటి పది సెల్ఫులకి పొగ ఉండదు, తర్వాత సన్నగా తెలుపు మొదలై, ఒక దెబ్బకి అందుకుని, ఒక నిమిషం కుంటుతూ నడిచి, సర్దుకుంటుంది. ఈ వరస కనపడితే నాకు ఇంకే పరీక్షా అక్కర్లేదు.

స్టాప్ సోలనాయిడ్ సంగతి రెండు ముక్కల్లో: తాళం ఆన్ చేస్తే పంపు మీద టిక్ మని చప్పుడు రావాలి. ఉప్పుగాలికి దాని వైరు లగ్గు కుళ్లి, మామూలప్పుడు 12 వోల్టులు చూపించి, సెల్ఫ్ కొట్టగానే పడిపోయే కేసులున్నాయి. సెల్ఫ్ కొడుతుండగానే అక్కడ వోల్టేజీ చూడాలి.

డీజిల్‌లో నీళ్ల గురించి కూడా చూడండి. రెండు నెలలు ట్యాంకు పావు వంతుతో నిలబడితే మిగతా ముప్పావు వంతు గాలే. మన ఊరి గాలిలో తేమకి కొదవ లేదు. పగలు వేడెక్కి రాత్రి చల్లబడినప్పుడల్లా ట్యాంకు లోపలి గోడలకి చెమట పట్టి కిందకి దిగుతుంది. డీజిల్ కంటే నీళ్లు బరువు కాబట్టి అడుగున చేరతాయి, పీల్చే గొట్టం ఉండేదీ అడుగునే. ఫిల్టర్ కింది మర వదులు చేసి ఒక గాజు సీసాలో పావు లీటరు పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగున బంతుల్లా నీళ్లు నిలిచినా, మధ్యలో గోధుమరంగు జిగురు తేలినా ట్యాంకు దింపి కడిగించాలి. వచ్చే ఏడాది నిషేధానికి ముందు ట్యాంకు నిండా కొట్టించి పెట్టండి, బ్యాటరీ నెగటివ్ పీకేయండి, వారానికోసారి బిగించి హనుమంతవాక దాకా వెళ్లి రండి. నిలబెట్టి ఐదు నిమిషాలు ఆడిస్తే లాభం లేదు, సెల్ఫ్ తాగిన కరెంటు కూడా తిరిగి రాదు.

మరి పంపు నిజంగా పోయిందని ఎప్పుడు నమ్మాలి? లక్షణం మీకు పూర్తిగా తలకిందులుగా ఉంటుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగా స్టార్ట్ అవుతుంది. అనకాపల్లి దాకా లోడుతో వెళ్లి, టీ తాగడానికి పావుగంట ఆపి, మళ్లీ తాళం తిప్పితే అందుకోదు. అరగంట చల్లారితే అందుకుంటుంది. వేడికి డీజిల్ పలచబడుతుంది, అరిగిన పంపు లోపలి సందుల్లోంచి జారిపోతుంది, సెల్ఫ్ వేగానికి నాజిల్ తెరిచేంత ఒత్తిడి రాదు. దాన్ని తేల్చడానికి పాతకాలపు పరీక్ష: ఇంజన్ ఆపి ఉండగా పంపు ఒంటి మీద తడిగుడ్డ చుట్టి ఐదు నిమిషాలు ఉంచి సెల్ఫ్ కొట్టడం. వెంటనే అందుకుంటే పంపు అరిగింది. కొందరు బకెట్టుతో చన్నీళ్లు గుమ్మరిస్తారు, అలా చేయకండి, మరీ ముఖ్యంగా ఇంజన్ నడుస్తుండగా చేయకండి. బయటి ఒళ్లు ముందు ముడుచుకుని లోపలి భాగం పట్టేస్తే అప్పుడు 18,000 కూడా చాలదు. మీ బండి వేడి మీద ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటోందని మీరే రాశారు. అందుకే మొదట్లోనే వద్దన్నాను.

ఇంజన్ పని అని భయపెట్టేవాళ్లూ వస్తారు. నడుస్తున్న ఇంజన్ మీద ఆయిల్ పోసే మూత తీసి చూడండి. కొద్దిగా ఆవిరి ఊగడం పాత ఇంజన్‌కి సహజం. రైలింజన్‌లా గుప్పుగుప్పుమంటూ కొడుతుంటేనే రింగుల మాట ఆలోచించాలి. అప్పుడు కూడా ముందు ట్యాపెట్ సెట్టింగు, అంటే ఇంజన్ వాల్వుల దగ్గర సందు, చూపించి, తర్వాత గేజీతో కంప్రెషన్ కొలిపించండి. నాలుగు సిలిండర్లూ దగ్గరదగ్గరగా ఉంటే, ఒకటి మాత్రమే పడిపోకుండా ఉంటే, ఇంజన్ విప్పే తొందర లేదు. ఇంకో మాట, ఎవరైనా "చలికి అలా ఉంటుందండీ" అంటే నవ్వి ఊరుకోండి. డిసెంబర్‌లో లంబసింగిలో రాత్రి పెట్టిన బండికి ఆ మాట చెల్లుతుంది. జూన్ నెల విశాఖలో తెల్లవారుజామున కూడా చొక్కా తడిసిపోతుంటే చలి ఎక్కడిది?

పెట్రోలు గుడ్డ విషయం గట్టిగానే చెప్పాలి. హార్బర్ దగ్గర కుర్రాళ్లు ఎయిర్ క్లీనర్ మూత తీసి పెట్రోలులో ముంచిన గుడ్డ పెట్టి స్టార్ట్ చేసి పెడుతున్నారని రాశారు, ఆపించండి. పెట్రోలు ఆవిరి డీజిల్ లాగా నాజిల్ చెప్పిన సమయానికి మండదు. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే ఎప్పుడు పడితే అప్పుడు పేలుతుంది. ఆ ‘ఠంగు’మనే చప్పుడు వినపడుతుందే, అది పిస్టన్ రింగుల గట్టు మీద సుత్తి దెబ్బ. గాలి గొట్టంలోంచి మంట వెనక్కి తన్ని చేతి వెంట్రుకలు మాడిన మనిషిని నేను దగ్గరుండి చూశాను, గుడ్డ లోపలికి పీల్చేసుకున్న బండినీ చూశాను. పైగా దానికి అలవాటు పడితే అసలు జబ్బు ఎప్పటికీ బయటపడదు. ఎక్కడైనా తప్పనిసరిగా ఇరుక్కుంటే, పల్లంలోకి నెట్టి మూడో గేరులో క్లచ్ వదలడం ఎంతో నయం.

నాజిల్ నట్టు వదులు చేసి డీజిల్ వస్తోందా చూస్తామని కూడా అంటారు. చూడొచ్చు, నట్టు ఒక్క చుట్టే వదలండి, మీద గుడ్డ కప్పండి, వేళ్లు దూరంగా ఉంచండి. అక్కడ వచ్చే సన్నటి చిమ్ము చర్మంలోంచి దూసుకుపోతుంది, పైకి సూది గుచ్చినంత గాయమే కనపడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన పని. సెల్ఫ్ కూడా ఒకసారికి పది, పదిహేను సెకన్లు మించి కొట్టకండి. మధ్యలో నిమిషం ఆగండి, లేకపోతే కొత్తగా వేయించిన బ్రష్‌లు మళ్లీ పోతాయి.

కాబట్టి రేపు పొద్దున తాళం ముట్టుకోకముందే చేతిపంపు నొక్కులు లెక్కపెట్టండి. గట్టిపడ్డాక ఎన్ని సెల్ఫులకి అందుకుందో, పొగ ఏ రంగో రాసుకోండి. తీరిక దొరికిన సాయంత్రం పారదర్శకం పైపు పెట్టండి. పంపు నోటి దగ్గర రాగి వాషర్లు రెండు, ఫిల్టర్ నుంచి పంపుకి పోయే రబ్బరు పైపు, క్లిప్పులు ఎలాగూ పరీక్ష కోసం విప్పుతారు కాబట్టి, తిరిగి బిగించేటప్పుడు కొత్తవే వేయండి. క్లిప్పులు స్క్రూ బిగించే రకమే కొనండి, చుట్టిన తీగ రకం వద్దు. ఎర్త్ పట్టీల కొసలు కూడా ఆ పూటే గీకేయండి. ఇవన్నీ అయ్యాక కూడా చదునులో మొరాయిస్తే నొక్కుల లెక్క, పొగ రంగు, సెల్ఫ్ కొడుతుండగా వోల్టేజీ, ఈ మూడూ రాయండి, అక్కడి నుంచి మాట్లాడుకుందాం. ఆ ప్లాస్టిక్ లెవెల్ పైపుని మాత్రం బండికి అలాగే వదిలేయకండి, డీజిల్‌కీ ఇంజన్ వేడికీ కొద్ది వారాల్లోనే గట్టిపడి చీలిపోతుంది, మళ్లీ నాకు ఇదే ఉత్తరం రాస్తారు.